పప్పు ఉడికే నీళ్లు

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ ఏదో ఒకటి రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఒక తెల్లవారుజామున మా నాన్న పాత కాలనీ నుంచి స్కూటర్ మీద క్యాన్లతో నీళ్లు తెచ్చి, చెప్పులు గేటు దగ్గరే విడిచి, చప్పుడు కాకుండా వంటింట్లోకి వచ్చి, మా తాగే నీళ్ల బిందెల్లో పోయడం చూశాను. అంతకుముందు ఆ బిందెల్లో ఉన్న మా బోరు నీళ్లను పెరటి తలుపు తీసి బొప్పాయి చెట్టు మొదట్లో పారబోశాడు. నేను ముందు గదిలో దోమతెర లోపల పడుకుని ఉన్నాను. ఆయన ఇటు తిరగగానే కళ్లు మూసుకున్నాను.

మాది మణుగూరు. బొగ్గు గనిని ఇక్కడ అందరూ బాయి అంటారు, అది ఆకాశం కిందే తవ్విన పెద్ద గుంత అయినా సరే. నాన్న ఆ బాయిలో పంపు ఆపరేటర్. వాన పడితే గుంతలోకి చేరే నీళ్లను తోడి బయటికి పంపడం ఆయన పని. వానాకాలంలో ఇంట్లో ఆయన ముఖం కనిపించేది కాదు. వచ్చినా చేతులకు గ్రీజు, కళ్ల నిండా నిద్ర. ఉద్యోగమంతా అలాగే గడిచింది. అప్పట్లో మేం కాలనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. నల్లాలో గోదావరి నీళ్లు వచ్చేవి, శుభ్రం చేసినవి, బ్లీచింగ్ పౌడర్ వాసనతో. ఆ వాసన అమ్మకు పడేది కాదు. బిందెలో పట్టాక మూత తీసి ఉంచేది. వాసన పోయాకే తాగనిచ్చేది.

రిటైర్ అయితే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఊరు అయిపోయి అడవి మొదలయ్యే చోట నాన్న ఎప్పుడో కొన్న ప్లాటు ఉంది. ఇంటికంటే ముందు బోరు వేయించాడు. నీళ్లెక్కడ పడతాయో పాయింట్ చూసేవాడిని పిలుద్దామని మా మామయ్య అంటే ఒప్పుకోలేదు. తనే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ప్లాటంతా తిరిగాడు. ఒక మూలకు వచ్చేసరికి కాయ నిలువుగా లేచి నిలబడింది. అక్కడే వేయించాడు. నీళ్లు పడ్డాయి.

మోటరు బిగించి, బురద పోయి తేట నీళ్లు వచ్చిన రోజు, పసుపు కుంకుమ పెట్టి, చెంబుతో పట్టి, వచ్చినవాళ్లందరి దోసిళ్లలో పోశాడు. కొత్త బోరు నీళ్లు తాగినవాళ్లు తియ్యగున్నయ్ అనాలి. అది మా వైపు మర్యాద. ఇంకో మాట ఎవరూ అనరు. బాయిలో ఆయనతో పనిచేసినవాళ్లు, పక్క ప్లాట్లవాళ్లు, ఏన్కూరు నుంచి వచ్చిన మామయ్య, అందరూ తాగి, మూతి తుడుచుకుని, తియ్యగున్నయ్ అన్నారు. నాకు బలపం నాకినట్టు అనిపించింది. అమ్మ గుటక వేయడానికి కాస్త ఆగింది. ఆ తర్వాత తనూ అదే మాట అంది. నాన్న మాత్రం అందరి మాటలూ నమ్మాడు. మర్యాదకు అన్నారేమో అన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ఆ రోజు తడి చొక్కాతో, పైపు చివర పట్టుకుని నిలబడిన నాన్న ముఖం నాకు బాగా గుర్తుంది. అన్నేళ్లూ పారబోయడానికే నీళ్లు తోడిన మనిషి. ఉంచుకోవడానికి తోడుకున్న నీళ్లు ఇవే మొదటివి.

ఇంట్లోకి వచ్చిన కొన్నాళ్లకే స్టీలు గ్లాసుల మీద తెల్ల మచ్చలు మొదలయ్యాయి. అమ్మ చింతపండు, ఉప్పు కలిపి రుద్దేది. కడిగినప్పుడు మెరిసేవి, ఆరగానే మళ్లీ మచ్చలు. బకెట్ల అంచులకు, నల్లాల మూతులకు, చివరికి బాత్రూం గోడకు కూడా తెల్లటి గార పట్టింది.

ముందు గీజర్ పోయింది. మెకానిక్‌కు ఫోన్ చేసే పని నాది. ఫోన్‌లో మాట్లాడడం నాకు చేతకాదు. ఏం చెప్పాలో మనసులో అనుకుని, నంబర్ నొక్కి, అవతల మోగకముందే కట్ చేసి, మళ్లీ నొక్కేదాన్ని. అతను వచ్చి గీజర్ విప్పి రాడ్ బయటికి లాగితే, చెదలు పట్టిన కర్రలా ఉంది. దాన్ని నేలకు తట్టాడు. పెంకులు పెంకులుగా రాలింది.

"ఆంటీ, మీరు దీంట్ల నీళ్లు కాగవెడుతున్నరా, సున్నం కాలుస్తున్నరా?" అన్నాడు అమ్మతో.

అమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. రాలిన పెంకు ఒకటి తీసుకుని వేళ్ల మధ్య తిప్పి చూసి, కొత్త బోరు అట్లాగే ఉంటుందని, తోడేకొద్దీ నీళ్లు మంచిగవుతాయని చెప్పాడు. ఆ తర్వాత ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. మోటరు వేసి, ట్యాంకు నిండి పొర్లినా ఆపేవాడు కాదు. నీళ్లు గేటు దాటి రోడ్డు మీదికి పోయేవి. అవి ఆరిన చోట రోడ్డు మీద తెల్లటి చారలు.

నేను ఇంట్లోనే ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. గైడు కింద కథల పుస్తకం పెట్టుకుని చదవడం నా అలవాటు. ఒకరోజు గైడులో నీటి కాఠిన్యం గురించి ప్రశ్న వచ్చింది. తాత్కాలిక కాఠిన్యం మరిగిస్తే పోతుంది, శాశ్వత కాఠిన్యం మరిగించినా పోదు. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లి, చాయ్ గిన్నె అడుగున గోకి చూశాను. గోరు లోపల తెల్లటి పొడి చేరింది. తోడితే పోయే కాఠిన్యం గురించి గైడులో ఎక్కడా లేదు. నాన్నతో చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

వాషింగ్ మెషిన్ అమ్మ మణికట్ల కోసం కొన్నది. ఆమెకు చలికాలంలో వేళ్లు ముడుచుకోవు. ఈ నీళ్లలో సర్ఫ్ ఎంత వేసినా నురగ రాదు. విరిగిన పాలలా తెల్లటి తునకలు తేలతాయి. ఆరిన తువాలు మడతపెడితే అప్పడంలా విరుగుతుందేమో అనిపించేది. మెషిన్‌లోకి నీళ్లు వెళ్లే చోట చిన్న జల్లెడ ఉంటుంది. అది మూసుకుపోయినప్పుడల్లా మెషిన్ నీళ్లు అందక ఆగిపోయి, కూ కూ అని అరుస్తూ కూర్చునేది. అమ్మ దాన్ని ఆపేసి, బట్టలు బయటికి తీసి, బండ మీద వేసుకునేది. కూలర్ గడ్డి రాయిలా గట్టిపడింది. ఇస్త్రీ పెట్టె నా నీలం చుడీదార్ మీద తెల్లగా ఉమ్మింది. అది వేసుకుని పరీక్ష రాయడానికి ఖమ్మం వెళ్లాల్సి ఉంది. పాతది వేసుకుని వెళ్లాను.

బాత్రూంలో వేడినీళ్లు సన్నగా దారంలా వస్తున్నాయని అమ్మ అన్నప్పుడు, నాన్న తనకు తెలిసిన వైద్యమే చేశాడు. బాయిలో పంపు పైపుల్లో గార పడితే, గోనెపట్టా చుట్టిన చెక్కసుత్తితో పైపు పొడుగునా కొడుతూ చెవి పెట్టి వింటారట. ఖంగుమంటే లోపల ఖాళీ, మొద్దుగా మోగితే గార. అక్కడ ఇంకో నాలుగు దెబ్బలు వేస్తే గార విడిపోతుంది. మా బాత్రూంలో గోడ బయటి నుంచి వెళ్లేది ప్లాస్టిక్ పైపు. నాన్న సుత్తికి పాత గోనెపట్టా చుట్టాడు, చెవి పెట్టాడు, కొట్టాడు. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో పైపు పగిలి ట్యాంకు నీళ్లన్నీ ఆయన మీదే పడ్డాయి.

"ఇది బాయి గాదయ్యా, బాత్రూం," అంది అమ్మ గుమ్మంలో నిలబడి.

"పైపే బోగస్‌ది," అన్నాడు నాన్న, గడ్డం నుంచి నీళ్లు కారుతుండగా.

ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వింది అప్పుడే అనుకుంటా. పైపు వేసేవాడు వచ్చేదాకా బకెట్లతో మోసుకున్నాం.

వస్తువులు పాడైతే అమ్మ విసుక్కునేది, అంతే. పప్పు ఉడకకపోవడం మాత్రం ఆమెకు అవమానం. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా కందిపప్పు బద్దలు బద్దలుగానే ఉండేది, నీళ్లు వేరే, పప్పు వేరే. ఏన్కూరులో వాళ్ల చేని బావి నీళ్లతో ఒక్క పొంగుకే మెత్తగా మెదిగిపోయేదని తలుచుకునేది. వీధిలో అందరూ ప్లాంటు నీళ్ల క్యాన్లు వేయించుకుంటారు. నాన్న ఆ ఆటోను మా గేటు దగ్గర ఆగనివ్వలేదు. సొంత బోరు పెట్టుకుని నీళ్లు కొనుక్కుంటామా అనేవాడు. ఊరి నల్లా పైపు మా వీధి దాకా రాలేదు. నీళ్లు శుభ్రం చేసే మిషన్ గోడకు పెట్టించాం. అది కూడా గార పట్టి మూలపడింది.

వానాకాలంలో మామయ్య వచ్చాడు. భోజనానికి కూర్చుని రెండు ముద్దలు తిని, పప్పును నెమ్మదిగా పళ్లెం అంచుకు జరిపాడు. పచ్చడితో తిని చేయి కడుక్కున్నాడు. అమ్మ ఆ పళ్లెం తీసింది. ఆయన బస్సెక్కి వెళ్లాక నాన్న ఎదురుగా వచ్చి కూర్చుంది. గొంతు పెంచలేదు.

"దసరా దాకా చూస్తనయ్యా. అప్పటికీ పప్పు ఉడకకపోతే ఈ ఇల్లు కిరాయికిచ్చి కాలనీ దిక్కు పోదాం. ఇగ నా చేతుల వల్ల గాదు."

నాన్న లేచి వెళ్లి మోటరు వేశాడు. పొర్లి రోడ్డు మీదికి పోతున్న నీళ్లను చూస్తూ చీకటి పడేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. ఇల్లు కిరాయికి ఇవ్వడమంటే, ఆ నీళ్లు తియ్యగా లేవని, తన కొబ్బరికాయ తప్పు చెప్పిందని, ఆ రోజు దోసిళ్లు పట్టినవాళ్లందరి ముందూ ఒప్పుకోవడం. వయసు మీద పడుతున్న మనిషి మళ్లీ ఇంకొకరి ఇంట్లోకి వెళ్లడం. అమ్మ చేతులూ నిజమే, ఆయన ముఖమూ నిజమే. నేను నా గదిలోకి వెళ్లి పుస్తకం తెరుచుకున్నాను.

నేను మొదట చెప్పిన తెల్లవారుజాము ఆ తర్వాత వచ్చింది. అదే రోజు మధ్యాహ్నం పప్పు ఉడికింది. అమ్మ గరిటె పెట్టి చూసి, మళ్లీ పెట్టి చూసింది. నాన్న పళ్లెం ముందు కూర్చుని వేళ్లతో మెదిపి చూపించాడు.

"చెప్పిన్నా లేదా? తోడంగ తోడంగ మంచిగయితయని."

"అవ్, చెప్పినవ్," అంది అమ్మ, ఆయనకు ఇంకొంచెం వడ్డిస్తూ.

రోజూ తెల్లవారుజామున నాన్న వాకింగ్‌కు వెళ్లేవాడు. వాకింగ్‌కు స్కూటర్ ఎందుకని ఎవరూ అడగలేదు. వచ్చేటప్పుడు వీధి మలుపు దగ్గరే ఇంజన్ ఆపి నెట్టుకుంటూ వస్తాడని నాకు తెలుసు. క్యాన్ల బరువుకు స్కూటర్ స్టాండ్ వేసేటప్పుడు ఆయన నోటి నుంచి చిన్న మూలుగు వచ్చేది. దోమతెర లోపల పడుకుని అది వినడం కష్టంగా ఉండేది. లేచి ఒక చేయి వేయాలనిపించేది. లేస్తే, నాకు తెలుసని ఆయనకు తెలిసిపోతుంది.

దసరా వచ్చింది, పోయింది. అమ్మ ఇల్లు మారే మాట ఎత్తలేదు. ఆ రోజుల్లోనే ఒకటి గమనించాను. ఎప్పుడూ బిందెలు నింపి మూతలు పెట్టి పడుకునే మనిషి, ఇప్పుడు వాటిని తోమి, ఖాళీగా, వంటింటి గుమ్మం పక్కన బోర్లించి పడుకుంటోంది. పొద్దున బిందెలు నిండి ఉంటే, నాన్నే నింపి ఉంటాడన్నట్టు ఊరుకునేది. చేతుల నొప్పికి రాత్రి నింపడం మానేసిందేమో అనుకున్నాను.

దీపావళి దాటాక మెషిన్ మళ్లీ ఆగింది. గీజర్ విప్పిన మెకానిక్కే వచ్చాడు. వెనక పైపు ఊడదీసి, జల్లెడ తీసి, అరచేతిలో పెట్టుకుని చూశాడు. జల్లెడ కనబడడం లేదు, తెల్లటి బిళ్లలా ఉంది. నాన్న పెరట్లో బొప్పాయి చెట్టు దగ్గరే ఉన్నాడు. అన్నీ వినపడే దూరం.

"నీళ్లేం మారలే ఆంటీ. పోయినసారి కన్న ఎక్కువున్నది."

"తాగే నీళ్లు మంచిగున్నయ్. నువ్వు మిషిని సంగతి చూడు బిడ్డా," అంది అమ్మ.

"గట్లెట్ల ఆంటీ? తాగనీకి ఒక బోరు, ఉతకనీకి ఒక బోరా?"

పెరట్లో ఆకులు ఏరుతున్న చప్పుడు ఆగిపోయింది. నేను పుస్తకంలో తల దూర్చుకుని కూర్చున్నాను, ఒక్క అక్షరం కనిపించలేదు.

"గట్లనే అనుకో. చాయ్ తాగుతవా?" అంది అమ్మ.

అతను తాగుతానన్నాడు. అమ్మ బిందె దగ్గరకు వెళ్లింది. బిందెకు మూత లేదు. అమ్మ వంగి, చెంబు ముంచబోయే ముందు, ఒక్క క్షణం వాసన చూసింది. చిన్నప్పటి నుంచి చూసిన పనే. క్వార్టర్‌లో ప్రతి ఉదయం అలాగే చూసేది, బ్లీచింగ్ వాసన పోయిందా లేదా అని. బోరు నీళ్లకు ఆ అవసరం లేదు. అప్పుడు అర్థమైంది. అమ్మకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఏళ్ల తరబడి ఆ కాలనీ నీళ్లతో వండిన మనిషికి గుటక కూడా అక్కర్లేదు, బిందె దగ్గరకు వస్తే చాలు. నాన్న బిందెలు పారబోసుకునే శ్రమ తప్పించడానికే ఖాళీగా బోర్లిస్తోంది.

మెకానిక్ చాయ్ బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. ఆ వారం మెషిన్‌కు కావలసిన సామాను దొరకలేదు. అమ్మ మణికట్లకు పాత గుడ్డ చుట్టుకుని బట్టలు ఉతికింది. తర్వాత మెషిన్ బాగైంది, మళ్లీ పాడైంది. ఇప్పుడు దాని మీద బియ్యం డబ్బా పెట్టుకున్నాం. అమ్మ ఇల్లు మారుదామని మళ్లీ అనలేదు. దేనికి బదులు దేన్ని వదులుకుందో నేను అడగలేదు. అడిగితే చెప్పే మనిషి కూడా కాదు.

చలి పెరిగాక నాన్నకు నడుము పట్టేసింది. దవాఖానాలో బరువులు ఎత్తొద్దన్నారు. నడుముకు బెల్టు పెట్టుకుని వరండాలో మంచం మీద, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పొద్దున బిందెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. అమ్మ వాటివైపు చూసి, పెరటి నల్లా దగ్గర పట్టుకొచ్చింది. మధ్యాహ్నం పప్పు ఉడకలేదు. ముగ్గురం తిన్నాం. అమ్మ బాగా ఆకలైనట్టు గబగబా తింది. నాన్న కొన్ని ముద్దలు తిని, పప్పును వేలితో నెమ్మదిగా పళ్లెం అంచుకు జరిపాడు. అచ్చం మామయ్య జరిపినట్టే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రాత్రి అమ్మ బిందెలు తోమి మళ్లీ గుమ్మం పక్కన బోర్లించింది. నా వైపు చూడలేదు.

పాత కాలనీ నల్లా దగ్గర ఎవరెవరు ఉంటారో నాకు తెలుసు. నాన్నతో పనిచేసినవాళ్లు, వాళ్ల భార్యలు, నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్లు. ఏం చదువుతున్నవు, ఉద్యోగమొచ్చిందా, మీకు బోరు ఉన్నది గదా మరి ఈ నీళ్లెందుకు అని అడుగుతారు. ఒక్కొక్కదానికి జవాబు వెతుక్కుంటూ చాలాసేపు పడుకోలేదు. తెల్లారకముందే, మబ్బులోనే లేచి, స్వెటర్ వేసుకుని, మేకుకు తగిలించిన స్కూటర్ తాళంచెవి తీసుకున్నాను. క్యాన్లు స్కూటర్ షెడ్డులో గోనెపట్టా కింద ఉన్నాయి. బాత్రూం పైపు పగలగొట్టినప్పుడు సుత్తికి చుట్టిన గోనెపట్టానే.

ఒక క్యాన్ ముందు పెట్టుకుని, రెండోది వెనక తాడుతో కట్టుకుంటుంటే, వరండాలో మంచం కిర్రుమంది. నాన్న ఇటు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎప్పటి నుంచి మేలుకుని ఉన్నాడో. చేతిలో తాడుతో అలాగే నిలబడిపోయాను. నాకు ఎప్పటి నుంచి తెలుసని ఆయన అడగలేదు. ఎక్కడికని అడగలేదు. తాడు ముడి బిగించాను.

అప్పటి నుంచి నీళ్లు నేనే తెస్తున్నాను. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. నల్లా దగ్గర అడిగినవాళ్లకు నవ్వి ఊరుకుంటాను. ఇంట్లో ఈ సంగతి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చుని నాన్న పప్పు మెదుపుతాడు, అమ్మ వడ్డిస్తుంది. ఆ నీళ్ల గురించి ఆయన నాతో అన్నది ఒక్కసారే, ఆ మొదటి పొద్దున, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, మెల్లిగా:

"మూతలు గట్టిగ పెట్టు బిడ్డా. మలుపు కాడ తొణుకుతయ్."